ఆనకట్ట వెనుక నీరు ఎవరిది?

కృష్ణానదికి వరద మొదలయిందంటే చాలు, మన ఇళ్లలో ఒక ప్రశ్న వినిపిస్తుంది: శ్రీశైలం నిండిందా? కర్నూలులో అడుగుతారు, కడపలో అడుగుతారు, పాలమూరులో అడుగుతారు, హైదరాబాదులోనూ అడుగుతారు. చెన్నైలో స్థిరపడిన మన వాళ్లు కూడా అడుగుతారు. ఎక్కడో నల్లమల కొండల నడుమ నిలిచిన నీటి కోసం ఇంతమంది ఎదురుచూడటంలో వింతేమీ లేదు. మన కడవలు, మన పొలాలు, మన దీపాలు ఆ నీటి మీద ఆధారపడి ఉన్నాయి. కాని ఆ నీరు అసలు ఎవరిది అని మనం ఎప్పుడైనా నింపాదిగా ఆలోచించామా?

ఈ ప్రశ్నకు జవాబులు చాలానే వినిపిస్తాయి. మా గడ్డ మీద నిలిచింది కనుక మాదే అనేవారున్నారు. మా పొలాలు ఎండిపోతున్నాయి కనుక మాదే అనేవారున్నారు. బిల్లు కడుతున్నాం కనుక మా కుళాయిలోకి వచ్చింది మాదే అని పట్నంలో అనుకుంటారు. ఒక్కో మాటలో కొంత న్యాయం ఉంది. అయితే అన్నిటిలోనూ ఒక్కటే పదం పదేపదే వస్తోంది: 'మాది'. ఈ వ్యాసంలో మేము ఆ పదాన్ని పరిశీలించదలచుకున్నాం.

కొండల నడుమ నిలిచిన నీరు

మొదట వాస్తవాలు చూద్దాం. కృష్ణానది పడమటి కనుమల్లో మహాబలేశ్వరం దగ్గర పుడుతుంది. మహారాష్ట్ర, కర్ణాటకలను దాటి తెలుగు నేలకు వస్తుంది. దారిలో తుంగభద్రను కలుపుకొని నల్లమల కొండల్లోని లోతైన లోయలోకి దిగుతుంది. ఆ లోయకు అడ్డంగా కట్టిందే శ్రీశైలం ఆనకట్ట. 1960లో జలవిద్యుత్తు కోసం మొదలైన ఈ పథకం 1981 నాటికి పూర్తయింది. ఆనకట్ట పొడవు 512 మీటర్లు, గేట్లు 12. నిండు మట్టం 885 అడుగులు.

కరెంటు కోసం కట్టిన ఆనకట్ట క్రమంగా మంచినీటికి, సాగుకు కూడా ఆధారమయింది. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు తమ తమ వాటాల నుంచి చెరి 5 టీఎంసీల చొప్పున మద్రాసు నగరం దాహం తీర్చటానికి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల మధ్య ఒప్పందం జరిగింది. ఆ నీరు పోతిరెడ్డిపాడు దగ్గర జలాశయం నుంచి బయలుదేరి వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా ప్రయాణించి పూండి చేరుతుంది. 1996లో మొదటిసారి తమిళనాడు సరిహద్దు దాటింది. దారిలో ఆవిరై, ఇంకిపోయే 3 టీఎంసీలు తీసివేస్తే అక్కడికి చేరవలసింది 12 టీఎంసీలు. మరో వైపు హంద్రీ-నీవా పథకం ఈ నీటినే అనంతపురం వైపు ఎత్తిపోస్తుంది. కల్వకుర్తి ఎత్తిపోతల పథకం పాలమూరు పొలాలకు ఎత్తిపోస్తుంది. శ్రీశైలం నుంచి కిందికి వదిలిన నీరు నాగార్జునసాగర్ చేరుతుంది. 2004 నుంచి హైదరాబాదు నగరం ఆ సాగర్ జలాలను తాగుతోంది.

కడపలో దాహం వేసిన పసివాడు, చెన్నైలో వంట చేసుకునే ఇల్లాలు, నాగర్‌కర్నూలు దగ్గర వరి నాటుకునే రైతు - వీరంతా ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. అయినా ఒకే కడవలో చెంబు ముంచుతున్నారు.

నది లాంటిదా? కడవ లాంటిదా?

నీటి హక్కుల గురించి ఇస్లామీయ ధర్మశాస్త్ర పండితులు శతాబ్దాల క్రితమే లోతుగా చర్చించారు. హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన ఇమామ్ అబూ యూసుఫ్ తన 'కితాబుల్ ఖరాజ్' గ్రంథంలో ఈ విషయాన్ని ప్రస్తావించారు. పండితుల మాటల సారాంశం ఇది: టైగ్రిస్, యూఫ్రటీస్ లాంటి మహానదులు ప్రజలందరికీ ఉమ్మడి. వాటి నుంచి తాగే హక్కు, పశువులకు తాగించే హక్కు అందరికీ ఉంది. కాని ఒక వ్యక్తి నదికి వెళ్లి కడవతో నీళ్లు ముంచుకొని భుజాన మోసుకొస్తే ఆ కడవలోని నీరు అతనిది. అతను దాన్ని అమ్ముకోవచ్చు. ఎందుకంటే అందులో అతని శ్రమ ఉంది.

ఇది ఎంత సహజమైన న్యాయమో చూడండి. ఎవరూ సృష్టించని దాన్ని ఎవరూ సొంతం చేసుకోలేరు. శ్రమపడిన వానికి శ్రమ ఫలితం దక్కాలి. ఈ రెండు సూత్రాలు పక్కపక్కనే నిలబడ్డాయి.

మరి జలాశయం మాటేమిటి? అది నది లాంటిదా, కడవ లాంటిదా? చూడబోతే అది పెద్ద కడవే. మనుషులు కట్టారు. సిమెంటు, ఉక్కు, ప్రజాధనం ఖర్చు పెట్టారు. కనుక కట్టినవారిదే నీరు అని వాదించవచ్చు. కాని కాస్త ఆగి ఆలోచిస్తే ఈ వాదం నిలబడదు. కడవ మోసినవాడు తన సొంత భుజం మీద మోశాడు. తన బావి తాళ్లతో, తన రెక్కల కష్టంతో తెచ్చాడు. ఆనకట్ట వెనుక నీరు నిలవటానికి ఎవరి భుజాలు అరిగాయి? పన్ను కట్టినవారివి కొంత. రాళ్లు మోసిన కూలీలవి కొంత. అందరికన్నా ఎక్కువగా, ఆ నీటి కింద మునిగిపోయిన ఊళ్ల వారివి. ఇంతమంది కలిసి మోసిన కడవ ఏ ఒక్కరి సొత్తు కాజాలదు. అది ఉమ్మడి నదిని ఉమ్మడి శ్రమతో నిలిపి ఉంచిన పాత్ర. దాని దగ్గర నిలుచున్నవాడు యజమాని కాడు, అమానతుదారుడు. అమానతు అంటే ఏమిటో మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. ఇతరుల సొమ్ము మన దగ్గర ఉంటే అది మన బలాన్ని పెంచదు, మన బాధ్యతనే పెంచుతుంది.

మరి నీటి బిల్లు సంగతి? బిల్లు కట్టడం న్యాయమే. శుద్ధి చేసి, గొట్టాల ద్వారా ఇంటి దాకా చేర్చిన శ్రమకు అది మూల్యం. మోత కూలి చెల్లించినంత మాత్రాన మబ్బును కొన్నట్టు కాదు కదా!

మునిగినవారి రుణం

శ్రీశైలం జలాశయం నిండినప్పుడు దాదాపు వంద గ్రామాల ప్రజలు, లక్ష మందికి పైగా, ఇళ్లు వాకిళ్లు వదిలి వెళ్లారు. కృష్ణా, తుంగభద్ర తీరాల్లోని నల్లరేగడి పొలాలు నీటి పాలయ్యాయి. తాతముత్తాతల సమాధులు నీటి అడుగుకు చేరాయి. ఎండాకాలంలో మట్టం తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడిందని మనం పత్రికల్లో ఫోటోలు చూస్తాం. చూడటానికి అందంగానే ఉంటుంది. కాని ఆ నీటి కింద ఉన్నది ఒక్క గుడి మాత్రమే కాదు, ఎన్నో ఊళ్ల పొయ్యిగడ్డలు కూడా.

ఇల్లు వదిలివెళ్లిన కుటుంబానికి ఒకరి చొప్పున ప్రభుత్వ ఉద్యోగం ఇస్తామంటూ 1986లో 98వ నంబరు జీవో వెలువడింది. ఆ జీవో పేరే ఆ కుటుంబాల పేరయిపోయింది. '98 జీవో బాధితులు' అంటూ వారు ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగారు, ధర్నాలు చేశారు. ఉద్యోగం కోసం దరఖాస్తు పెట్టిన కుర్రవాళ్లకు ఎదురుచూపుల్లోనే తల నెరిసింది.

ఇక్కడ ఒక నైతిక ప్రశ్న ఉంది. వారికి జరిగిన నష్టం మనం చేసింది కాదు. ఆనకట్ట కట్టాలని మనం నిర్ణయించలేదు. మనలో చాలామంది అప్పటికి పుట్టనేలేదు. మరి మనకు ఏ సంబంధం?

సంబంధం ఉంది. తప్పు చేసినవాడు మాత్రమే బాకీపడడు, లాభం పొందినవాడు కూడా బాకీపడతాడు. ఒక మనిషి అప్పు చేసి ఇల్లు కట్టి మరణించాడనుకోండి. వారసులు ఇల్లు పంచుకునే ముందు అప్పు తీర్చాలని మన ధర్మం చెబుతోంది. అప్పు చేసింది మేము కాదు కదా అని వారు తప్పించుకోలేరు. ఇల్లు తీసుకుంటే అప్పు కూడా దానితోపాటే వస్తుంది. ఆ జలాశయం మనకు అలాంటి వారసత్వమే. నీరు తీసుకుంటూ రుణాన్ని మాత్రం వదిలేస్తామంటే కుదరదు.

ఈ రుణం తీర్చటానికి మనలో ఒక్కొక్కరి దగ్గర జీవో జారీ చేసే అధికారం లేదు. కాని నిర్వాసితుల వార్త వచ్చినప్పుడు 'వీళ్లకు ఇంకా ఏం కావాలి' అని విసుక్కోకుండా ఉండే అధికారం ఉంది. ఓటు అడగటానికి వచ్చినవారిని ఈ సంగతి అడిగే అధికారం ఉంది. మన ఊళ్లో కూలి చేసుకుంటున్న నిర్వాసితుని బిడ్డ చదువుకు చేయందించే అధికారమూ ఉంది.

ఎగువవాడు, దిగువవాడు

మదీనా నగరం వెలుపల రాతినేల మీదుగా ఒక వాగు పారేది. దాని నీటితో ఖర్జూర తోటలు తడుపుకునేవారు. హజ్రత్ జుబైర్ (రజి) తోట ఎగువన, ఒక అన్సారీ సోదరుని తోట దిగువన ఉండేవి. నీరు వదలమని అన్సారీ అడిగారు. తగవు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చింది. ముందు నీ తోట తడుపుకో, తర్వాత నీ పొరుగువానికి వదులు అని ఆయన జుబైర్‌కు చెప్పారు. జుబైర్ (రజి) దైవప్రవక్త (స)కు మేనత్త కుమారుడు. అందుకే ఈ తీర్పు అని అన్సారీ అనేసరికి దైవప్రవక్త (స) ముఖ కవళికలు మారాయి. అప్పుడు ఆయన, నీరు మళ్ల గట్టుకు చేరేదాకా నిలుపుకొని ఆ తర్వాత వదలమని జుబైర్‌ను ఆదేశించారు. దాని లోతును ప్రజలు చీలమండల దాకా అని లెక్కగట్టుకున్నారు. ఈ సంఘటన బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది.

ఈ హదీసును పండితులు వివరించిన తీరు చాలా ఆలోచింపజేస్తుంది. మొదటి తీర్పు ఉదారత. జుబైర్ తన పూర్తి హక్కు వాడుకోకుండా పొరుగువాని కోసం త్వరగా వదలాలని సూచన. రెండవ తీర్పు కేవలం హక్కు. ఉదారతను అనుమానించినప్పుడు లెక్క ప్రకారం హక్కు మిగిలింది. అయితే ఆ హక్కుకు కూడా ఒక హద్దు ఉంది. చీలమండల దాకా చేరాక నీరు ఆపకూడదు. ఎగువన ఉండటం ముందుగా తీసుకునే అవకాశం ఇస్తుంది. అంతా తీసుకునే అధికారం మాత్రం ఇవ్వదు.

ఇప్పుడు మన జలాశయం వైపు చూడండి. శ్రీశైలంలో కనీస మట్టం ఎంత ఉండాలనే దానిపై 1996లో ఒక జీవో 834 అడుగులని నిర్ణయించింది. 2004లో మరో జీవో దాన్ని 854 అడుగులు చేసింది. మధ్యలో ఉన్నది 20 అడుగులే. కాని ఆ 20 అడుగుల్లో ఎన్ని లక్షల మంది ఆశలు, భయాలు ఇమిడి ఉన్నాయో! మట్టం పడిపోతే రాయలసీమ కాలువకు నీరు ఎక్కదు. మట్టం నిలిపి ఉంచితే కరెంటు ఉత్పత్తి తగ్గుతుంది, సాగర్‌కు నీరు ఆలస్యమవుతుంది. రాష్ట్రం విడిపోయాక 2015లో రెండు రాష్ట్రాలు 811 టీఎంసీలను ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 చొప్పున వాడుకునేలా తాత్కాలిక ఏర్పాటు చేసుకున్నాయి. ఆ తర్వాత కూడా వివాదాలు సద్దుమణగలేదు. ఎవరి లెక్క సరైనదో తేల్చడం మా పని కాదు. దానికి ట్రిబ్యునళ్లు, న్యాయస్థానాలు ఉన్నాయి. మేము అడిగేది వేరు: నీరు చాలనప్పుడు ముందు ఎవరికి ఇవ్వాలి?

దీనికి మన ధర్మశాస్త్రం ఒక క్రమం చెప్పింది. అన్నిటికన్నా ముందు దప్పిక హక్కు. మనిషి దాహం, తర్వాత పశువుల దాహం, ఆ తర్వాతే పంటలు. మన దేశపు 2002 జాతీయ జల విధానం కూడా తాగునీటికే ప్రథమ స్థానం ఇచ్చింది. ఈ క్రమం వెనుక ఉన్న కారణం సరళమైనది. ఏ అవసరానికి ప్రత్యామ్నాయం ఉందో అది ఆగగలదు, దేనికి ప్రత్యామ్నాయం లేదో అది ఆగలేదు. కరెంటు మరో చోట మరో విధంగా పుట్టించవచ్చు. వరి బదులు జొన్న, సజ్జ వేసుకోవచ్చు. దాహానికి మాత్రం నీటి బదులు ఇవ్వదగినది ఏదీ ఈ భూమి మీద లేదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాచకూడదు. కరెంటును తక్కువ చేసి మాట్లాడటం తేలిక. కాని ఎత్తిపోతల మోటార్లు నడిచేది కరెంటుతోనే. రైతు బోరు నడిచేదీ దానితోనే. ఒకరికి కరెంటు అనిపించేది మరొకరికి చివరికి నీరే. అందుకే 'వాళ్లది విలాసం, మాది అవసరం' అని తొందరపడి తీర్పు చెప్పటం అన్యాయం. ఎదుటివాని అవసరాన్ని అతని ఇంట్లో కూర్చొని చూడగలిగినప్పుడే న్యాయం పుడుతుంది. దివ్య ఖుర్ఆన్ మనకు సమూద్ జాతి గాథ వినిపించింది. వారి మధ్యకు పంపబడిన ఒంటెకు ఒక రోజు, వారికి ఒక రోజు నీటి వంతు నిర్ణయించబడింది. ఒక మూగజీవి వంతును కూడా సహించలేని జాతి ఏమయిందో మనకు తెలుసు.

పూడిక చెప్పే పాఠం

శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు దాని నిల్వ సామర్థ్యం 308 టీఎంసీలు. ఇప్పుడు లెక్కలోకి తీసుకుంటున్నది దాదాపు 215 టీఎంసీలే. మిగతా చోటంతా ఒండ్రుమట్టి ఆక్రమించింది. అంటే సుమారు 92 టీఎంసీల చోటు పోయింది. ఒక టీఎంసీ అంటే 2,800 కోట్ల లీటర్లకు పైమాటే. మనిషికి రోజుకు 100 లీటర్లు అనుకుంటే, ఆ పోయిన చోటులో పట్టే నీరు ఏడు కోట్ల మందికి ఏడాది పొడవునా సరిపోతుంది!

ఈ పూడిక ఒక్క రోజులో రాలేదు. ఎగువన అడవులు నరికినప్పుడల్లా, వాలు నేలలను గట్లు లేకుండా దున్నినప్పుడల్లా పిడికెడు పిడికెడుగా వచ్చింది. వాటాల కోసం గొడవపడే గొంతులు వేల సంఖ్యలో ఉన్నాయి. పూడిక గురించి మాట్లాడే గొంతులు మాత్రం వేళ్ల మీద లెక్కించదగినవి. రొట్టె కోసం అన్నదమ్ములు కొట్లాడుకుంటుంటే ఎలుక ఒక మూల నుంచి తింటూ పోతున్నట్టుంది.

దివ్య ఖుర్ఆన్‌లోని సబా సూరాలో ఒక జాతి ప్రస్తావన ఉంది. వారి కుడి ఎడమల రెండు తోటలు ఉండేవి. వారు కృతజ్ఞత చూపలేదు. కట్ట తెగిన వరద వచ్చింది. తోటల స్థానంలో చేదు పండ్ల చెట్లు మిగిలాయి. ఆ ఆనకట్ట యమన్‌లోని మారిబ్‌లో కొండల మధ్య లోయకు అడ్డంగా ఉండేది. వందల ఏళ్లు ఎడారి అంచున తోటలు పెంచింది. దాని రాతి తూముల శిథిలాలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఒండ్రుమట్టి పేరుకుంది. క్రీ.శ. 5, 6 శతాబ్దాల్లో కట్ట తెగటం, మరమ్మతు చేయటం జరిగిందని అక్కడి శిలాశాసనాలు చెబుతున్నాయి. చివరికి 6వ శతాబ్దంలో పూర్తిగా తెగిపోయింది. 1986లో దానికి ఎగువన కొత్త ఆనకట్ట కట్టారు.

కృతజ్ఞత అంటే నాలుకతో 'అల్‌హమ్‌దులిల్లాహ్' అనటంతో పూర్తవుతుందా? పడవ ఇచ్చిన వానికి ధన్యవాదాలు చెబుతూ పడవకు పడిన చిల్లును పట్టించుకోని వాణ్ణి కృతజ్ఞుడని అంటామా? అనుగ్రహాన్ని కాపాడుకోవటం కృతజ్ఞతలో సగం. పైగా ఈ జలాశయం మన తరానిది మాత్రమే కాదు. ఇంకా పుట్టని బిడ్డలు కూడా ఈ నీటిలో వాటాదారులు. వారు ట్రిబ్యునల్ ముందు వకీలును పెట్టుకోలేరు. వారి తరఫున వాదించవలసింది మనమే.

మన ఇంటి కుళాయి

ఇన్ని పెద్ద విషయాల మధ్య మన ఇల్లు ఎంత అనిపించవచ్చు. రాష్ట్రాలే తేల్చుకోలేని వ్యవహారంలో ఒక కుటుంబం ఏం చేయగలదు? ఈ మాట నిజంలా కనిపిస్తుంది కాని, అది తప్పించుకునే దారి. రాష్ట్రాల మధ్య జరిగేదే మన వీధుల్లోనూ జరుగుతోంది. నీళ్లు వదిలే వేళకు ఎగువ ఇంటివారు గొట్టానికి మోటారు బిగించి లాగేస్తారు. చివరి ఇంటి ముసలమ్మ బిందెలోకి గాలి వస్తుంది. మోటారు బిగించిన చేయే, మన రాష్ట్రానికి అన్యాయం జరిగిందని పిడికిలి బిగిస్తుంది! జుబైర్ (రజి)కి వినిపించిన తీర్పు మన వీధికి కూడా వర్తిస్తుంది.

దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని, ఒక సా నుంచి ఐదు ముద్ద్‌ల దాకా నీటితో గుస్ల్ చేసేవారని ప్రామాణిక హదీసుల్లో ఉంది. ముద్ద్ అంటే లీటరు కన్నా తక్కువ. మన మసీదుల్లో కుళాయి పూర్తిగా తిప్పి, మాట్లాడుకుంటూ వుజూ చేస్తే ఎన్ని ముద్ద్‌లు మోరీలోకి పోతున్నాయో లెక్క వేసుకోండి. ఆరాధన కోసం వాడుతున్నాం కదా అన్నది దుబారాకు సాకు కాదు. మసీదు కమిటీలు ఒక పని చేయవచ్చు. సన్నగా పారే కుళాయిలు బిగించటం, వుజూ నీటిని చెట్లకు మళ్లించటం, లేదా నేలలోకి ఇంకే గుంత తవ్వటం. ఇంట్లో పిల్లలకు 'నీళ్లు వృథా చేయకు' అని చెప్పేటప్పుడు, ఆ నీరు ఏ కొండల నుంచి, ఎవరి ఊరి మీదుగా వచ్చిందో కూడా చెప్పండి. తెలిసిన నీటిని పారబోయటం కష్టం.

మదీనాలో ముహాజిర్లు మంచినీటికి ఇబ్బంది పడిన రోజుల్లో హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని ప్రజలందరికీ అంకితం చేశారు. ఇందులో ఒక చిన్న విషయాన్ని మనం గమనించాలి. బావి కొన్నవాడు కదా అని ఆయన చేదకు ముందు వరుస దొరకలేదు. అందరి చేదల్లో ఆయన చేద కూడా ఒకటి. సొంతం చేసుకొని కూడా ఉమ్మడిగా వాడుకోవటం అంటే అదే. మనం కొనని, కట్టని, మునగని నీటి దగ్గర నిలబడి 'మాది' అంటుంటే, కొన్నవాడు మాత్రం 'మనది' అన్నాడు.

అవసరానికి మించిన నీరు దగ్గర పెట్టుకొని బాటసారికి నిరాకరించినవాని వైపు ప్రళయదినాన అల్లాహ్ చూడడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ రోజున ఏ రాష్ట్రం, ఏ జిల్లా అని అడగరు. నీ చేతిలో నీరు ఉన్నప్పుడు నీ తర్వాతి వానికి ఏం మిగిల్చావని అడుగుతారు.

ఆకాశం నుంచి కొలతతో దించిన నీటిని కొలతతోనే వాడుకునే వివేకాన్ని, మునిగిన వారి రుణాన్ని మరచిపోని మనసును, దిగువన వేచి ఉన్న పొరుగువానికి వేళకు వదిలే గుండెను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.